పుష్యమాసంలో పులస

ప్రశ్న

నాకు యాభై మూడేళ్లండి. మాది పి.గన్నవరం దగ్గర పల్లె. మావారిది కొబ్బరి వ్యాపారం. కాయల దింపు లెక్కల పుస్తకాల్లో ఆయన ముందు సగమే రాస్తారు. వెనక పేజీలు ఊరికే పోతున్నాయని, తొమ్మిదేళ్లుగా వాటిలో నేను చూసిన సినిమాల గురించీ, రాత్రి ఏడున్నర సీరియల్ గురించీ నాకు తోచింది రాసుకుంటున్నాను. ఎపిసోడ్‌కి రెండు మూడు లైన్లు, సినిమాకి ఓ పేజీ, అడుగున పదికి ఇన్ని అని మార్కులు. సాయంత్రం మా అరుగు మీద చేరే నలుగురికీ చదివి వినిపిస్తాను.

మొన్న మా ఆడపడుచుగారి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్లాం. ఆవిడ కొడుకు, అంటే మా మేనల్లుడు, హైదరాబాదులో సినిమాలకి మాటలు రాసే జట్టులో ఉన్నాడు. వాడు పనిచేసిన సినిమా అంతకు ముందు నెలే వచ్చింది. భోజనాల దగ్గర ఎవరో "అత్తా, మనోడి సినిమాకి నీ పుస్తకంలో ఎన్ని మార్కులు?" అని కదిపారు. నాలుగున్నర అన్నాను. అంతటితో ఊరుకోక ఎందుకో కూడా చెప్పాను. రెండో సగం సాగింది, మన మాటని వెక్కిరింతకి వాడారు, కనుమ భోజనంలో పులస పులుసు పెట్టారు అని. పంక్తంతా నవ్వింది. మా ఆడపడుచుగారు తినేది ఆపేసి, "సినిమా తియ్యడం నీకేం తెలుసు? కాయలు లెక్కపెట్టుకునేదానివి" అన్నారు. వాడు మాత్రం నోరెత్తలేదు. అదే నాకు ముల్లులా గుచ్చుకుంటోంది.

"ఎవరి అభిప్రాయం వాళ్లది అత్తయ్యా, గొడవెందుకు" అంటుంది మా కోడలు. మావారేమో "ఆ సీరియల్‌ని తిడుతూ చూడ్డం దేనికి, నువ్వు చూడబట్టే వాళ్లకి రేటింగు" అంటారు. సినిమా తియ్యడం రానివాళ్లు సినిమా గురించి మాట్లాడకూడదా అండి? తిట్టుకుంటూ చూసే సీరియల్ మానెయ్యాలా? మేనల్లుడికి ఇప్పుడేం చెప్పను? నా పేజీలు కొన్ని ఫొటో తీసి పంపుతున్నాను.

ఓ ప్రేక్షకురాలు

సమాధానం

అక్కయ్యగారూ, మీరు పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి పడీ పడీ నవ్వాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఓ పేజీలో ముందువైపు సిరా ఇవతలికి దిగి, "దింపు 1,840, ఒలుపు కూలి పోను" అని అద్దంలో చూసినట్టు తిరగబడి కనబడుతోంది. దాని మీదుగా మీ రాత: "ఇవాళ కూడా ఆ పిల్ల నిజం చెప్పలేదు."

ముందు మీ ఆడపడుచుగారి మాట. కూర బాగోలేదనడానికి వంట రావాలా అని దీనికి అందరూ చెప్పే జవాబొకటుంది. నేనా మాట అనను. వంట వచ్చినవాళ్లయితే పోపు మాడిందో, చింతపండు పాతదో చెప్పగలరు. రానివాళ్లు మొహం చిట్లించి ఊరుకోవాలి. తెలిసినవాళ్ల మాటకి బరువుంటుంది, అందులో ఆవిడ తప్పేం లేదు. కాకపోతే ఆవిడ అడిగింది నీకు హక్కేమిటని. ఆ సంగతి చట్టం ఎప్పుడో తేల్చేసింది. 1860 నాటి శిక్షాస్మృతిలో పరువు నష్టం గురించి చెప్పే 499 సెక్షన్‌కి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో ఆరోది మీలాంటివాళ్ల కోసమే. జనం తీర్పుకి వదిలిన పని మీద ఎవరైనా సద్బుద్ధితో అభిప్రాయం చెబితే అది నేరం కాదు. పుస్తకం అచ్చు వేయించినవాడూ, నలుగురి ముందు వేదికెక్కి నటించినవాడూ, పాడినవాడూ తమ పనిని జనం తీర్పుకి పెట్టినట్టేనని అక్కడే ఉదాహరణలు కూడా ఇచ్చారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఇది 356 సెక్షన్‌లోకి చేరింది. ఆ జనంలో సినిమా తియ్యడం వచ్చినవాళ్లే ఉండాలని ఎక్కడా రాయలేదు. టికెట్టు కొన్నారు, చూశారు, చాలు.

అదే చోట ఇంకో ఉదాహరణ ఉంది. ఫలానా ఆయన పుస్తకం తెలివితక్కువగా ఉంది, ఆయన బుద్ధి బలహీనమైనదై ఉండాలి అంటే చెల్లుతుందట. ఆ మాట పుస్తకంలో కనబడినదాన్ని దాటలేదు కాబట్టి. ఆయనే బలహీనుడు, తిరుగుబోతు, పుస్తకం అలా ఏడవడంలో వింతేముంది అంటే చెల్లదట. ఆ మాట పుస్తకం చదివి అన్నది కాదు, మనిషి మీద కోపంతో అన్నది. ఇప్పుడు మీ ఆరో పేజీ తీయండి. సీరియల్లో చిన్నత్త వేషం కట్టే నటి గురించి "ఈవిడ ఇంట్లో కూడా ఇంతే అయ్యుంటుంది" అని రాశారు. కేసేం పడదు లెండి, అరుగు మీద నలుగురే కదా. అయినా ఆ లైను కొట్టెయ్యండి. ఆవిడ మీకు అంత ఒళ్లు మండించిందంటే వేషం బ్రహ్మాండంగా కట్టిందన్నమాట. ఆ రోజు మార్కులు ఆవిడకి కలపాల్సింది పోయి కోసేశారు.

మీ కోడలి మాట మర్యాదైనదే గానీ, అది అన్నాక ఇక మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. ఇష్టం ఎవరిది వాళ్లదే. మీకు ఏడుపు సినిమాలు పడవు, నాకు ఫైటింగులు పడవు, దానికి పంచాయితీ ఎందుకు. కానీ పుష్యమాసంలో పులస రావడం అభిప్రాయమా? వరదకి ఎర్రనీరు దిగినప్పుడు సముద్రంలో విలస ఏటికి ఎదురీదుతుంది, గోదావరి నీళ్లు పడ్డాకే అది పులస అవుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ధవళేశ్వరం దాకా దాని కోసం వలలు పడతాయి. కనుమ నాటికి ఏట్లో దాని ఊసే ఉండదు. ఫ్రిజ్‌లో దాచారని సర్దుకుందామంటే, "ఇప్పుడే రేవులో పడింది" అని మామగారి చేత అనిపించారని మీరే రాశారు. ఇది పంచాంగం చూసి తేల్చుకునే సంగతి, మీకొకలా నాకొకలా ఉండదు. మీరు తప్పుపట్టిన హీరోయిన్ పరుగు కూడా అలాంటిదే. సంక్రాంతికి మన చేలల్లో తొలి పంట సార్వా కుప్పనూర్పులు అయిపోయి, రెండో పంట దాళ్వా నాట్లు పడుతుంటాయి. ఆ పిల్ల మాత్రం నడుమెత్తు పండిన చేలో పరిగెడుతోంది.

అయితే ఈ రెండింటికీ కలిపి మీరు రెండున్నర మార్కులు కోశారు. చేప మీద అంత కోపమా? ఆ పులస తీసేసి బొమ్మిడాయిల పులుసు పెట్టినా ఆ సీను అలాగే నడుస్తుంది. అదే పేజీ అడుగున, మార్కుల గీతకి కాస్త పైన, మీరే పట్టించుకోకుండా వదిలేసిన లైనొకటి ఉంది: "అత్తగారు ఎవరెవరికి వడ్డించిందో అన్నీ చూపించారు, ఆవిడ ఎప్పుడు తిందో చూపించలేదు."

దీనికి మీరు అర మార్కు కూడా కొయ్యలేదు. నాకైతే పదకొండు పేజీల్లో పెన్సిలు ఆగిపోయింది ఇక్కడే. నేనా సినిమా చూడలేదు. మీ లైను చదివాక, ఎలాగూ ఓటీటీలోకి వచ్చేసింది కదా అని శనివారం రాత్రి పెట్టుకుని చూశాను. మీరన్నది నిజమే. పన్నెండు మంది పంక్తి. కెమెరా ఒక్కో విస్తరి దగ్గరా ఆగుతుంది. ఆవిడ చెయ్యి, గరిటె, నెయ్యి గిన్నె, మళ్లీ చెయ్యి. ఇంటి పెద్ద "మా ఇంట్లో అందరం కలిసే తింటాం" అని ఓ పెద్ద మాట చెబుతాడు, వెనక సంగీతం లేస్తుంది. అప్పటికీ ఆవిడ నిలబడే ఉంది. తర్వాతి సీనుకి ఎంగిలి విస్తళ్లు ఎత్తుతోంది. కుటుంబం కలిసుండాలని రెండున్నర గంటలు చెప్పిన సినిమా అది. కలిసి తినే పంక్తిలో ఆవిడకి విస్తరి వెయ్యలేదు. కావాలని అలా చూపించి ఉంటే గొప్ప సీను అయ్యేది. వాళ్లకి తెలీకుండానే అలా వచ్చింది, ఆ సంగీతమే పట్టిచ్చేసింది. రెండో సగం మీకు ఎందుకు సాగినట్టనిపించిందో కూడా ఇక్కడే దొరుకుతుందేమో చూడండి. అదంతా ఆవిడ త్యాగం మీద నడుస్తుంది. మొదటి సగంలో ఆవిడ చెయ్యి తప్ప మనకి పరిచయమైందేముంది?

పులస తప్పు పట్టడానికి ఏటి పక్కన పుడితే చాలు. ఆ విస్తరి లేదని కనిపెట్టాలంటే పాతికేళ్లు నిలబడి వడ్డించి ఉండాలి. ఈ లైను చదివి వినిపిస్తే మీ ఆడపడుచుగారు కూడా కాదనరని నా అనుమానం.

యాస గురించి మీతో ఏకీభవిస్తాను గానీ, "వెక్కిరించారు" అని వదిలేస్తే చాలదు, ఎలా వెక్కిరించారో రాయాలి. పెద్దవాళ్లు పిలిస్తే "ఆయ్" అని పలుకుతాం, ఒప్పుకోలుకి "ఆయ్" అంటాం. సినిమాలో పాలవాడి నుంచి ప్రెసిడెంటు దాకా ప్రతి మాటకీ తోకలా తగిలిస్తారు, శవం దగ్గర కూడా. మన మాటలో అసలు కిటుకు "అండీ" ఎక్కడ నొక్కుతామన్నదాన్లో ఉంది. మామూలప్పుడు మెత్తగా "అలాగేనండీ" అనే ఇల్లాలు, ఒళ్లు మండితే అదే మర్యాదని చాకులా తిప్పుతుంది: "సర్లెండి, అన్నీ తవరికే తెలుసు లెండి." ఆ తిప్పుడు రాసినవాడికి యాస వచ్చినట్టు.

సినిమాని మన ఊళ్లలో తీశారా, సెట్టు వేశారా అన్నదానికి కూడా మీరు నాలుగుచోట్ల మార్కులు కలపడం, కొయ్యడం చేశారు. ఈ లెక్క మానెయ్యండి. 1967లో "సాక్షి"ని ఆత్రేయపురం దగ్గర పులిదిండిలోనే తీశారు. తీసిన బాపు పుట్టింది నరసాపురం, రాసిన ముళ్లపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరం. అలా చూస్తే ఊరే సినిమాని నిలబెట్టిందనిపిస్తుంది. 2018లో వచ్చిన "రంగస్థలం" ఊరు చాలామటుకు హైదరాబాదులో వేసిన సెట్టు. దానికి ఎనిమిదిన్నర వేసి "అచ్చం మన ఊరే" అని రాసుకున్నది మీరే. ఎక్కడ తీశారన్నది వాళ్ల ఖర్చుల లెక్క. మీకు తెర మీద ఊరు కనబడిందా లేదా, అంతవరకే. ఇన్ని కొబ్బరితోటల సినిమాలు చూశారు కదా, ఎన్నింట్లో ఒక్క మనిషైనా దింపుకి చెట్టెక్కాడో ఈసారి గమనించి రాయండి, నాకూ కావాలి ఆ లెక్క.

మూడో పేజీలో ఓ సినిమాకి "ఇంటర్వెల్ తర్వాత కరెంటు పోయింది" అని రాసి, కింద రెండున్నర వేశారు. అది చూడగానే నా పాపం గుర్తొచ్చింది. మాది సఖినేటిపల్లి వైపు. కుర్రతనంలో సినిమా అంటే నరసాపురం పోవాల్సిందే. ఫస్ట్ షో చివరిదాకా చూస్తే మాధవాయిపాలెం రేవులో గోదావరి దాటించే ఆఖరి పంటు వెళ్లిపోయేది, ఇక తెల్లారేదాకా రేవులోనే పడక. అందుకని క్లైమాక్స్‌లో హీరో చొక్కా చేతులు మడుస్తుండగానే లేచి సైకిళ్లు తీసేవాళ్లం. మూడు నాలుగేళ్లు నేను చూసిన ఏ సినిమాకీ ఆఖరి ఇరవై నిమిషాలు లేవు. అయినా ఊళ్లో సినిమా కబుర్లకి నేనే పెద్ద. అలా ఓ సినిమాలో హీరోయిన్ని చేతకాని పిల్లని నెల రోజులు ఇంటింటికీ చెప్పుకుతిరిగాను. చాలా ఏళ్లకి టీవీలో మొత్తం చూస్తే, ఆ ఆఖరి ఇరవై నిమిషాలూ నడిపింది ఆ పిల్లే! మీరు సగం చూస్తే "కరెంటు పోయేవరకూ" అని పైన రాసి, సగం గురించే రాయండి. ఆ పేజీకేం లోటు రాదు. మార్కులు మాత్రం వెయ్యకండి.

ఇంకో పేజీలో ఒకే సినిమాకి మొదట మూడు వేసి, ఆరేళ్ల తర్వాత అది కొట్టేసి ఏడు చేశారు. పక్కన "అప్పుడు బుర్ర లేదు" అని మిమ్మల్ని మీరే తిట్టుకున్నారు. మధ్యలో మీ అమ్మాయి పెళ్లై కువైట్ వెళ్లిందని ఆ పేజీలోనే ఓ ముక్క ఉంది. దూరంగా ఉన్న బిడ్డ ఫోన్ కోసం కాచుకునే తల్లి సినిమా అది. మూడు వేసినప్పుడూ మీకు బుర్ర ఉంది, బిడ్డ పక్క గదిలో ఉంది. పాతది కొట్టెయ్యకుండా రెండింటికీ తేదీలు వేసి ఉంచండి.

ఇక సీరియల్. మీరు గోడ గడియారం చూసి రాసిన ఎపిసోడ్ భలే ఉంది: "తలుపు తీసినప్పుడు 7.41. లోపలికి అడుగు పెట్టేసరికి 7.45. మధ్యలో ఆరుగురి మొహాలు, ఒక్కొక్కరివి మూడేసి సార్లు." సినిమాకి "సాగింది" అని రాసిన మాట దీని పక్కన పెట్టి చూసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. ఆ మొహాలకి కారణం కూడా చెబుతాను. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వెయ్యకూడదని కేబుల్ టీవీ నిబంధన, అంటే అరగంటలో ఆరు. టైటిల్ పాటా, నిన్న జరిగిందీ, రేపు జరగబోయేదీ తీసేస్తే కథకి ఇరవై నిమిషాలు మిగులుతుంది. వారానికి ఆరు రోజులు, రెండు గంటలు. ఏడాదికి నూటనాలుగు గంటలు, అంటే రెండున్నర గంటల సినిమాలు నలభై పైనే. ఏడాదికి నలభై సినిమాలంత కథ ఎవరి దగ్గరుంటుంది? మొహాలే దిక్కు. కారణం ఉంది కదా అని వదిలెయ్యమనను. సినిమాకి వాడే కొలత దీనికి వాడితే రోజూ తిట్టడమే అవుతుంది. నేనైతే ఇంతే చూస్తాను: ఏడున్నరకి తెలియనిది ఎనిమిదింటికి ఎవరికైనా ఒక్కరికి తెలిసిందా? తెలిస్తే ఆ ఎపిసోడ్ గట్టెక్కినట్టు.

రేటింగు గురించి మీవారికి ధైర్యం చెప్పండి. రేటింగులు కట్టే బార్క్ సంస్థ దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్లలో మీటర్లు పెట్టి, ఆ లెక్కనే జనమందరికీ సరిపెడుతుంది. మీ ఇంట్లో ఆ మీటరు లేకపోతే మీరు చూసినా, కట్టేసినా ఎవరికీ తెలీదు. ఉంటే గనక మీరు చూసింది తెలుస్తుంది, తిట్టింది తెలీదు. మీ తిట్టు నమోదయ్యే చోటు ఆ దింపు పుస్తకమొక్కటే.

మానాలా వద్దా అంటే, మీరెందుకు చూస్తున్నారో మీ పేజీలే చెబుతున్నాయి. ఏడుచోట్ల "ఇక్కడ ఆ పిల్ల ఇలా అని ఉంటే" అంటూ మీరే డైలాగు రాశారు, రెండుచోట్ల వాళ్లకంటే బాగుంది. మీరు రోజూ అరగంట సీరియల్‌ని దిద్దుతున్నారు. దిద్దడానికి దొరికినన్నాళ్లు చూడండి. కానీ ఆషాఢంలో వరసగా తొమ్మిది రోజులు "నిన్నటిదే" అన్న ఒక్క మాటే కనబడుతోంది. అలాంటి వారాల్లో టీవీ కట్టేసి అరుగు మీదికి పోండి. మళ్లీ ఎప్పుడొచ్చినా, ఎక్కడ ఆపారో వాళ్లే మొదట్లో వేసి చూపిస్తారు.

మేనల్లుడి విషయంలో మీ తప్పు ఉందండి. వాళ్లమ్మ ముందు, చుట్టాల పంక్తిలో చెప్పారు. పంక్తి నవ్వేసరికి మీకు హుషారొచ్చి పులస దాకా లాగి ఉంటారు, ఆ హుషారు నేనూ ఎరుగుదును. మాటలు రాసే జట్టు అంటున్నారు. అందులో ఏ మాట ఎవరిదో తెర మీద చూసి చెప్పలేం. ఒకరు రాస్తారు, ఇంకొకరు దిద్దుతారు, షూటింగులో నటుడు మారుస్తాడు, డబ్బింగులో మళ్లీ మారుతుంది. ఈ నీళ్లు తాగి పెరిగిన పిల్లాడికి పులస ఎప్పుడొస్తుందో తెలీదా? వాడు వద్దన్నా పెట్టి ఉండొచ్చు. పంక్తిలో ఆ మాట అంటే తనకి పనిచ్చినవాళ్లని బజారుకీడ్చినట్టవుతుందని నోరు మూసుకుని ఉండొచ్చు.

మీ మాట వాడికి అక్కర్లేదని మాత్రం అనుకోకండి. 2022లో మన జిల్లాలు ముక్కలై కొత్త పేర్లొచ్చినా, సినిమా వ్యాపారంలో మనం ఇప్పటికీ ఈస్టూ వెస్టే. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్రల పక్కన రెండు వేరు ఏరియాలుగా మన వసూళ్లు లెక్క కడతారు. ఈస్ట్‌లో ఎంతొచ్చిందో వాళ్లకి తెల్లారేసరికి తెలుస్తుంది. ఎందుకు తగ్గిందో విడమరిచి చెప్పే మనిషి దొరకడమే కష్టం.

ముందు మీ ఆడపడుచుగారి దగ్గరికి మీరే వెళ్లండి. "పంక్తిలో అనకుండా ఉండాల్సింది వదినా" అనండి, అంతకు మించి సినిమా ఊసెత్తకండి, అభిప్రాయం మార్చుకున్నానని అబద్ధమాడకండి. మార్కులు కూడా నాలుగున్నరే ఉంచండి. చేపకీ చేలో పరుగుకీ కోసినవి కలిపేసి, విస్తరికి కోస్తే ఎలాగూ అక్కడికే వస్తుంది.

తర్వాత మేనల్లుడికి ఫోన్ చెయ్యండి, మెసేజ్ పెట్టొద్దు. "అందులో నువ్వు రాసిన సీన్లేవిరా?" అని అడగండి. వాటిలో మీకు నచ్చిన మాట ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి, లేకపోతే కల్పించకండి, పసిగట్టేస్తాడు. ఆపైన పుస్తకం తీసి అత్తగారి లైను చదవండి. చదివి కాసేపు ఊరుకోండి, వాణ్ణి మాట్లాడనివ్వండి. పులస సంగతి ఆఖర్న ఎత్తండి. ముందే ఎత్తారంటే ఇద్దరూ నవ్వుకుని ఫోన్ పెట్టేస్తారు, విస్తరి సంగతి అలాగే ఉండిపోతుంది.